గుట్ట వెనక గోరింకలు

సుంకన్న గోనెసంచిని ల్యాబ్ గుమ్మం ముందు బోర్లించేసరికి ఉరుకుందమ్మ తాగుతున్న టీ గ్లాసు పక్కన పెట్టేసింది. సంచిలోంచి గోరింకలు రాలాయి. గోరింకలంటే నిండుగా ఉన్నవి కావు. గులాబీ రంగు పొట్ట ఒకచోట, నల్లటి తల ఒకచోట, రెక్క ఇంకొకచోట, దేనికదే. ఒకటి మాత్రం బతికే ఉంది. మిగిలిన సగం రెక్కతో గచ్చు మీద గిరగిరా కొట్టుకుంటోంది. సుంకన్న వంగి, దాన్ని చేతిలోకి తీసుకుని, మెడ తిప్పి పక్కన పెట్టాడు.

"ఇయ్యి ఈ పొద్దుటివే," అన్నాడు. "ఏడో నంబరు గాలిమర కింద ఇంగా ఉండాయి. కుక్కలు నాకన్నా ముందే లేసినాయి."

సుంకన్న ఉరుకుందమ్మ మొగుడు. పులికొండ గుట్ట మీద బారుగా నిలబెట్టిన గాలిమరలకు రిపేర్లు చేసే మనిషి. పెళ్ళాం పిట్టల్ని కాపాడే యంత్రం తయారుచేస్తుంటే, మొగుడు పిట్టల్ని నరికే యంత్రాలకు నూనె పోస్తున్నాడని ఊళ్ళోవాళ్ళు వేళాకోళమాడేవాళ్ళు. ఆడుకోనీ అనేది ఉరుకుందమ్మ. గుట్ట మీది కరెంటూ కావాలి, గుట్ట దాటే పిట్టలూ కావాలి ఆమెకు. పెద్ద చదువు చదివి, పెద్ద ఊళ్ళల్లో ఉద్యోగాలు వదులుకుని ఈ కర్నూలు ఎండల్లో రేకుల షెడ్డులో ల్యాబ్ పెట్టుకుని కూర్చుంది అందుకే. మొండిఘటం.

యంత్రానికి 'మళ్ళింపు' అని పేరు పెట్టుకుంది. గుట్టకు నాలుగు మూలలా నాలుగు స్తంభాలు, వాటిల్లోంచి మన ఒంటికి తెలియని సన్నటి అలలు. భూమి అయస్కాంతం చూపే దిక్కును పిట్టలు కంటితోనే చూస్తాయట. ఈ అలలు తగిలితే ఆ దిక్కు కాస్త పక్కకు జరిగినట్టు కనిపిస్తుంది. గాలిమరల కంపెనీ మేనేజరు నమ్మకపోతే, గుండ్రటి పంజరంలో గోరింకను పెట్టి చూపించింది. పోయినేడు ఉగాది రోజులు, ఉత్తరాదికి పోవాలని ఒళ్ళంతా తహతహగా ఉన్న పిట్ట, వాయవ్యం వైపు ఊచలకే ఎగిరెగిరి కొట్టుకుంటోంది. ఆమె మీట కొంచెం తిప్పింది. పిట్ట ఆగింది. తల వంచి అటూ ఇటూ చూసింది. మళ్ళీ ఎగరడం మొదలుపెట్టింది, ఈసారి తూర్పు ఊచల మీదికి. మేనేజరు నోరు వెళ్ళబెట్టాడు. అప్పటికప్పుడు స్తంభాలకు ఖర్చంతా ఒప్పుకున్నాడు.

ఆయనకు చూపించని పంజరం ఇంకొకటి వెనక గదిలో ఉండేది. మీటను చివరిదాకా తిప్పితే ఏమవుతుందోనని ఉరుకుందమ్మ ఒకసారి తిప్పి చూసింది. ఆ పిట్ట నెట్టిన వైపుకు ఒక్క ఊపున విసురుగా పోయి ఊచలకు కొట్టుకుంది, ఆ తర్వాత దానికి దిక్కు మొత్తానికే పోయింది. యంత్రం ఆపేసినా తిరిగి రాలేదు. ముందు గింజలున్నా ముట్టుకోకుండా, పంజరం లోపల ఒకే వాటంగా తిరిగి తిరిగి, గోళ్ళు ఊడి, చివరికి తిరుగుతూనే చచ్చిపోయింది. ఆమె ఆ రోజు అన్నం తినలేదు. మీట పక్కన ఎర్రరంగుతో ఒక గీత గీసి, ఈ గీత దాటనని ఒట్టేసుకుంది.

ఇంక ఆమె అన్న మద్దిలేటి. హైస్కూల్లో డ్రిల్లు మాస్టరు, కానీ జిల్లాలో పిట్టల్ని చూసే పిచ్చి ఉన్నవాళ్ళందరికీ ఆయనే పెద్దదిక్కు. రోజూ సాయంత్రం ఏ పిట్ట ఎక్కడ కనపడిందో ఫోన్లో వాళ్ళ గ్రూపులో పెట్టందే ముద్ద మింగడు. గులాబీ గోరింకల సంగతైతే చెప్పనక్కర్లేదు. చలికాలమంతా జొన్న చేల మీద బతికి, ఉగాది దాటాక ఎడారులవతల గూళ్ళు పెట్టుకోవడానికి పోయే ముందు, చుట్టుపక్కల గుంపులన్నీ పులికొండ దగ్గర ఒకటవుతాయి. సాయంత్రాలు గుట్ట పొడవునా పరుచుకుని దాటి, గుట్ట వెనక ఎక్కడో నిద్రకు దిగుతాయి. ఆ దిగే చోటు బోయకుంట అని, గుట్టకు తూర్పున ఉందని మద్దిలేటి పదేళ్ళుగా గ్రూపులో పెడుతున్నాడు. పిట్టల్ని పట్టి సంతలో అమ్మే వలల నల్లన్నకు ఎవరో ఆ కబురు చేరవేశారు. ఏటా బోయకుంట దగ్గర వలలు కట్టి, ఒక్క పిట్టా పడక, కాళ్ళకు గుచ్చుకున్న ముండ్లు తీసుకుంటూ తిట్టుకుంటూ పోయేవాడు. అది తలుచుకుని మద్దిలేటి మీసాల్లో నవ్వుకునేవాడు. ఎందుకు నవ్వుతున్నాడో చెల్లెలు ఏనాడూ అడగలేదు. మనుషులు పోతే పిట్టలు బెదురుతాయని గుట్ట వెనక్కి ఊళ్ళో ఎవర్నీ పోనిచ్చేవాడు కాదు, చెల్లెల్ని కూడా. ఆమె పోలేదు. పిట్టల విషయంలో అన్న మాటంటే ఆమెకు తిరుగులేదు. గ్రూపులోంచి ఆ పదేళ్ళ వివరాలన్నీ తీసుకెళ్ళి యంత్రానికి తినిపించింది.

తినిపించక తప్పదు. ఎద్దును పక్కకు తోలాలంటే అది ఎటు పోదామనుకుంటోందో ముందు తెలియాలి కదా. నిద్రచోటు తెలిస్తే పిట్టల మనసు ఎటు లాగుతోందో తెలుస్తుంది. అప్పుడు ఎటు నెట్టాలో, ఎంత నెట్టాలో యంత్రమే లెక్క కడుతుంది. గుట్ట దాటి తూర్పుకు దిగే పిట్టల్ని ఇంకొంచెం తూర్పుకు నెడితే చాలు, గుట్ట కొస చుట్టి హాయిగా పోతాయి. ఇదంతా అన్నకు విడమరిచి చెప్పి ఉంటే బాగుండేది. చెప్పలేదు. యంత్రం మీద పేటెంటు హక్కులు చేతికొచ్చేదాకా నోరు విప్పొద్దని కంపెనీవాళ్ళు సంతకం పెట్టించుకున్నారు. చెల్లెలి యంత్రం పిట్టల్ని గుట్ట మీద నుంచి తోలేస్తుందని మాత్రమే మద్దిలేటికి తెలుసు.

గుంపు మీద యంత్రాన్ని మొదటిసారి నడిపే పెద్ద పరీక్ష నాటి పొద్దున ఇంట్లో పండగలాగే ఉంది. ఉరుకుందమ్మ జొన్నరొట్టెలు కాల్చి, శెనక్కాయ పొడి వేసి పెడుతుంటే సుంకన్న ఒకటి తింటూ రెండు పొట్లం కట్టించుకున్నాడు. సాయంత్రం తను ఏడో నంబరు గాలిమర తల మీద నిలబడి కెమెరా పట్టుకుంటానన్నాడు. ఆ ఒక్కదాన్ని ఆపుతారు, మిగతావి తిరుగుతూనే ఉంటాయి. తిరుగుతుంటేనే కదా పరీక్ష. వద్దని చెప్పింది ఆమె. కింద నుంచి కూడా కనపడుతుందంది.

"పెండ్లాము గెలుస్తాంటే కింద నిలబడి సూడాల్నా?" అన్నాడు అతను. "తాడు కట్టుకుంటాలే. నువ్వు నీ మీట సంగతి సూసుకో."

ఆమె నవ్వి, పొట్లంలో ఇంకో రొట్టె పెట్టింది.

పొద్దు వాలే వేళకు షెడ్డులో ముగ్గురున్నారు. మీట దగ్గర ఉరుకుందమ్మ, కిటికీ దగ్గర బైనాక్యులర్స్‌తో మద్దిలేటి, వాళ్ళ వెనక మేనేజరు. దక్షిణాన జొన్న చేలల్లోంచి గుంపు లేచింది. అంత గుంపును మద్దిలేటి కూడా ఎప్పుడూ చూడలేదట. లేస్తూ వంగుతూ, విడిపోతూ కలుస్తూ ఆకాశంలో సగం కమ్మేసింది. వాకీటాకీలో సుంకన్న గొంతు వినిపించింది. వస్తాండాయి, ఎంత బాగుండాయో అంటున్నాడు. ఉరుకుందమ్మ మీట తిప్పింది.

గుంపు ముందంచు తూర్పుకు వంగింది. మేనేజరు చప్పట్లు కొట్టాడు.

వంగిన మాట నిజమే కానీ గుట్ట కొసకు పోలేదు. ఎప్పుడూ గుట్ట పొడవునా పరుచుకుని దాటే గుంపు మొత్తం ముద్దలా దగ్గరికై, నేరుగా గుట్ట నడుమకు వచ్చింది. నడుమనే గాలిమరలు చిక్కగా ఉన్నాయి. మొదటి వరస రెక్కలకు తగిలిన చప్పుడు షెడ్డులోకి వినిపించింది, తడిబట్టను బండకేసి బాదినట్టు. తర్వాత ఆ చప్పుడు ఆగలేదు. తెల్లటి రెక్కలు తిరిగిన ప్రతి చుట్టుకూ ఎర్రబడ్డాయి. షెడ్డు రేకుల మీద ఏవో టపటపా పడ్డాయి. కిటికీ అద్దానికి ఒక తల వచ్చి తగిలి, ముక్కు తెరుచుకునే ఉండి, అద్దం మీద ఎర్రటి చార గీస్తూ జారిపోయింది.

మేనేజరు గాలిమరల్ని ఆపమని ఫోన్లో అరుస్తూ బయటికి పరుగెత్తాడు. అవేమన్నా ఇంట్లో ఫ్యాన్లా, నొక్కగానే ఆగడానికి? ఆ రెక్కల బరువుకు నెమ్మదిగానే ఆగుతాయి. ఈలోగా ఉరుకుందమ్మ తను చాలినంత నెట్టలేదేమోననుకుంది. ఎర్రగీత దాకా మీట జరిపింది. అదే ఆమె చేసిన ఘోరం. గుంపు ముందుకూ పోలేదు, వెనక్కీ పోలేదు. నడిగుట్ట మీద సుడి తిరగడం మొదలుపెట్టింది. ఆ సుడి నట్టనడుమ ఏడో నంబరు గాలిమర ఉంది.

వాకీటాకీలో ఈసారి మాట రాలేదు, కేక వచ్చింది. గాలిమర తల మీది మూత తెరుచుకుని నడుము దాకా బయటికి వచ్చి నిలబడ్డ మనిషిని పిట్టలు రాళ్ళలాగా వచ్చి కొడుతున్నాయి. ఒకటి కాదు, పది కాదు. కెమెరా ఎప్పుడో పడిపోయింది. మొహానికి చేతులడ్డం పెట్టుకుంటే చేతుల మీద, చేతులు తీస్తే మొహం మీద. వెనక్కి తిరిగి లోపలికి దూరబోతే కాలు జారి పక్కకు పడ్డాడు. ఇప్పుడు తాడుకు వేలాడుతున్నాడు, మనిషి బొమ్మలాగా ఇనుపగోడకు కొట్టుకుంటూ.

"కుందూ," అంది వాకీటాకీ. "కన్ను పోయిందే. నా కన్ను పాయ."

ఆమె యంత్రాన్ని పూర్తిగా ఆపేసింది. అయినా సుడి ఆగలేదు. ఆపిన వెంటనే దిక్కు తిరిగి రాదనీ, మత్తు దిగినట్టు మెల్లగా దిగాలనీ ఆమెకు తెలుసు. పంజరాల్లో ఎన్నిసార్లు చూసిందో. అంతసేపు తాడు ఉంటుందా, తాడుకు వేలాడే మనిషి ఉంటాడా? ఆమె మళ్ళీ మీట పట్టుకుని తూర్పుకే తిప్పబోయింది.

మద్దిలేటి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"తూర్పుకు నెట్టద్దు," అన్నాడు. "అవి బోయకుంటకు పోవు కుందూ. ఏనాడూ పోలేదు. పడమట ముండ్లవాగు కాడ సర్కారు తుమ్మల్లో దిగుతాయి."

ఆమెకు అర్థం కాలేదు. పదేళ్ళు బోయకుంట అని పెట్టావు కదా అంది.

"ఊరికే పెట్టినా. నల్లన్నోళ్ళు సూస్తారని. గూడున్న చోటు, నిద్రచోటు మేమెవరమూ ఉన్నదున్నట్టు పెట్టము. తెలియాల్సినోళ్ళకు నోటితో చెప్పుకుంటాము." ఆయన చెల్లెలి చెయ్యి వదల్లేదు. "యంత్రానికి గూడా అదే పెట్టినావని నాకు తెలియదు."

జిల్లాలో పిట్టలు చూసే ప్రతివాడికీ తెలుసు ఆ కట్టుబాటు. అరుదైన పిట్ట గూడు కనపడితే ఒక క్రోసు అవతల పెడతారు. అది అబద్ధమని కూడా ఎవరూ అనుకోరు, గుడ్ల మీద తల్లి రెక్క కప్పినట్టు అనుకుంటారు. తెలియనిది ఒక్క యంత్రానికే. దాన్ని కన్న తల్లికీ తెలియలేదు.

తిట్టడానికి టైము లేదు. పడమటికి పోవాలని పిట్టల మనసు గుంజుతోంది, కళ్ళు తూర్పు చూపిస్తున్నాయి, రెండింటి మధ్యా అవి తిరుగుతున్నాయి. ఇప్పుడు పడమటికి నెట్టాలి. మెల్లగా నెడితే మెల్లగా పోతాయి, అంతలో సుంకన్న పోతాడు. ఒక్క ఊపున నెట్టాలంటే ఎర్రగీత దాటాలి. వెనక గదిలోని పంజరం ఆమె కళ్ళ ముందుకొచ్చింది. ఆ ఒక్క పిట్ట తిరిగిన తిరుగుడు, ఊడిపోయిన గోళ్ళు. పైన ఉన్నవి లక్షకు తక్కువుండవు. వాకీటాకీలో మొగుడి ఊపిరి గురగురమంటోంది. ఆమె అన్న వైపు చూసింది. ఆయనకు ఎర్రగీత సంగతి తెలియదు. ఎందుకు ఆలస్యం, తిప్పు అన్నాడు.

తిప్పింది. చివరిదాకా తిప్పింది.

ఆకాశం ఒక్కసారిగా పడమటికి ఒరిగినట్టయింది. సుడి తెగిపోయి గుంపు మొత్తం గుట్ట మీద నుంచి విసిరేసినట్టు పోయింది. కొన్ని వేలు పడమటి వాలులో రాళ్ళకు కొట్టుకుని అక్కడే పచ్చడయ్యాయి. మిగతావి కనపడకుండా పోయాయి. గాలిమరలు ఒక్కొక్కటే ఆగుతున్నాయి, రెక్కల కొసల నుంచి నెత్తురు కారుతూ. మేనేజరు గుట్ట కింద కూర్చుని వాంతి చేసుకుంటున్నాడు. మనుషులు పైకెక్కి సుంకన్నను కిందికి దించేసరికి ఉరుకుందమ్మ మోకాళ్ళ లోతు గోరింకల్లో నిలబడి చేతులు చాచి ఉంది.

సుంకన్నకు ఎడమ కన్ను పోయింది. కుడిచేతి మూడు వేళ్ళు ఇంక వంగవన్నారు. ఆస్పత్రిలో తెలివి రాగానే అతను అడిగింది ఒకటే, పిట్టలు తప్పించుకున్నాయా అని. తప్పించుకున్నాయని చెప్పింది. ఆ మాట చెప్పినందుకు తర్వాత ఆమె తనను తాను చాలా తిట్టుకుంది.

చైత్రం గడిచింది. గ్రూపులో ఒక్కో ఊరి నుంచీ కబుర్లు వచ్చాయి. ఇక్కడి గుంపు వెళ్ళిపోయింది, అక్కడి చివరి గోరింక కూడా కనపడలేదు, మళ్ళీ వానల తర్వాతే అని. పులికొండ గోరింకలు మాత్రం వెళ్ళలేదు. పొద్దుట ముండ్లవాగులో లేచి, గుట్ట చుట్టూ ఒకే వాటంగా తిరిగేవి. ఎండ నెత్తి మాడ్చేదాకా తిరిగి, కొన్ని ఎక్కడ పడితే అక్కడ రాలిపోయేవి, మిగిలినవి చీకటిపడే వేళకు అలవాటుగా మళ్ళీ ఆ తుమ్మల్లోనే పడేవి. బావుల్లో పడి నీళ్ళు కంపు కొట్టాయి. నీళ్ళ బిందెతో వస్తున్న ఓబుళమ్మ నుదుటికి ఒకటి కొట్టుకుని ఆమె నుదురూ పగిలింది, పిట్టా చచ్చింది. బస్సు అద్దం పగిలి డ్రైవరు మొహమంతా గాజు గుచ్చుకుంది. ఊరివాళ్ళు చీపుర్లతో, చాటలతో కొట్టారు. చివరికి నలుగురు కలిసి, ఊరి పక్కన పిట్టలు వాలే ముళ్ళకంచెకు నిప్పు పెట్టారు. దిక్కు తెలియని పిట్ట నిప్పును చూసి ఎటు పోతుంది? అంటుకున్న రెక్కలతోనే ఎగిరి గడ్డివాముల్లో పడ్డాయి. ఆ మధ్యాహ్నం ఊళ్ళో మూడు వాములు కాలిపోయాయి. ఆర్పడానికి పోయిన ఇద్దరు ముసలివాళ్ళ చేతులు కాలాయి. అదే రోజు జనం షెడ్డు మీద పడి యంత్రాన్ని గొడ్డళ్ళతో ముక్కలు చేశారు. ఉరుకుందమ్మ గుమ్మంలో నిలబడి చూసింది కానీ అడ్డం పోలేదు.

ఆ తర్వాతే అన్నతో ఎర్రగీత గురించి చెప్పింది. నువ్వు అబద్ధం పెట్టకపోతే నేను గీత దాటేదాన్ని కాదని చెల్లెలు ఏడ్చింది. నువ్వు ఏం చేస్తున్నావో చెప్పి ఉంటే నేను నిజం చెప్పేవాణ్ణి కాదా అని అన్న అరిచాడు. ఇద్దరి మాటా నిజమే, అందుకే ఇద్దరికీ ఓదార్పు దొరకలేదు. మంచం మీద నుంచి సుంకన్న అంతా విన్నాడు. కుందూ, అవి ఇంగ ఎప్పటికీ పోలేవా అని అడిగాడు. పోలేవంది. మందు లేదంది. ఈ ఎండకు ఆకలితో, దాహంతో ఒక్కొక్కటే తిరుగుతూ చావాల్సిందేనంది. సుంకన్న బాగున్న చేత్తో మొహం కప్పుకున్నాడు.

మద్దిలేటి చెప్పులేసుకుని బయటికి పోయాడు. నేరుగా వలల నల్లన్న గుడిసెకు పోయాడు.

మరునాడు పొద్దు వాలుతుండగా ముండ్లవాగులో సర్కారు తుమ్మల మధ్య నల్లన్న మనుషులు వలలు కట్టారు. మద్దిలేటే ముందు నడిచి, ఈ చెట్టు నుంచి ఆ చెట్టుదాకా అని వేలు పెట్టి చూపించాడు. ఉరుకుందమ్మ వచ్చింది. కంటికి కట్టుతో సుంకన్న కూడా, వద్దన్నా వినకుండా వచ్చాడు.

"పదేండ్లు నన్ను బోయకుంట కాడ కూర్చోబెట్టినావు గదా సామీ," అన్నాడు నల్లన్న. అందులో కోపం లేదు. వచ్చేదారిలో పొదల కింద పడి ఉన్నవాటిని అతనూ చూశాడు. "ఇయ్యి సంతకు పనికిరావు. తినేదానికీ మనసు రాదు. నువ్వు రమ్మన్నావని వచ్చినా."

గోరింకలు వచ్చాయి. మిగిలిన గుంపు తక్కువేమీ కాదు, అయినా అరుపు లేదు. వలల్ని చూసి పక్కకు తప్పుకోవడం వాటికి చేతకాలేదు. తిరుగుతూ తిరుగుతూ వచ్చి పడ్డాయి. నల్లన్న మనుషులకు చేతివాటం ఉంది, మెడ తిప్పడానికి ఒక్కోదానికి ఒక్క క్షణం. కుప్పలు పెరిగాయి. మద్దిలేటి వాళ్ళ పక్కనే గొంతుక్కూర్చుని, వాళ్ళను చూసి నేర్చుకుని, తనూ మెడలు తిప్పడం మొదలుపెట్టాడు. ఆయన కళ్ళల్లోంచి నీళ్ళు మీసాల్లోకి కారుతున్నాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

ఉరుకుందమ్మ వలలోంచి ఒకదాన్ని తీసింది. గుప్పిట్లో వెచ్చగా, ఎముకల గూడులా ఉంది. గుండె టకటకమని కొట్టుకుంటోంది. తల మాత్రం ఆగకుండా ఒకే వైపు తిప్పుకుంటూ ఉత్తరం కోసం వెతుకుతోంది. నేను తీసేశానమ్మా, నేనే తీసేశానని పైకే అంది. సుంకన్న పక్కన నిలబడి, వంగని వేళ్ళున్న చేతిని ఆమె భుజం మీద వేశాడు. ఆమె పిట్ట మెడ తిప్పింది. ఇంకొకటి తీసుకుంది.

వెలుగు తగ్గుతుండగా మద్దిలేటి చేతులు పంచెకు తుడుచుకుని ఫోను తీశాడు. రోజూ పెట్టేవాడు కదా, ఆ రోజు కూడా పెట్టాడు. గులాబీ గోరింకలు, ముండ్లవాగు, సర్కారు తుమ్మలు, గుట్టకు పడమర. ఉన్నచోటు ఉన్నట్టే పెట్టాడు. ఏం జరుగుతోందో పెట్టడానికి చెయ్యి రాలేదు.

ఎవరో వెంటనే జవాబిచ్చారు. నంద్యాలలో ఉండే కుర్ర లెక్చరర్, ఒకప్పుడు ఆయనే చెయ్యి పట్టుకుని గుట్ట వెనక్కి తీసుకెళ్ళి ఈ చోటు చూపించిన మనిషి. మద్దిలేటి చదివి, ఫోను చెల్లెలి ముందు పెట్టాడు.

"సార్, పొరపాటున అసలు చోటు పెట్టేశారు. తొందరగా తీసేయండి. వలలవాళ్ళు చూస్తే ఒక్క పిట్ట కూడా మిగలదు."

ఆమె చదివి ఫోను తిరిగి ఇచ్చేసింది. మద్దిలేటి దాన్ని జేబులో పెట్టుకుని, వలలో ఇంకా కదులుతున్నవాటి దగ్గరికి పోయి కూర్చున్నాడు.